ఏట్లో ఎకరం

పెళ్ళయిన మూడో రోజు సాయంత్రం నాకు తెనాలి వెళ్ళాలనిపించింది. పెద్ద కారణమేమీ లేదు. అమ్మ పెట్టిన టీ తాగాలనిపించింది, అంతే. "ఒక్కసారి వెళ్ళొద్దామా అండీ?" అని మా ఆయన్ని అడిగాను. ఆయన నవ్వారు.

"ఆరు దాటిందిగా. పడవ లేదు."

"మరి ఇప్పుడు వెళ్ళాలంటే ఎట్లా?"

"రేపు పొద్దున."

నేను గుమ్మంలో నిలబడి గడియారం వైపు చూశాను. ఆరు దాటి పది నిమిషాలు కూడా కాలేదు. తెనాలిలో మా ఇల్లు రైలుపట్టాల పక్కన. నాన్న టైలరు. రాత్రి తొమ్మిదింటికి దారం అయిపోయినా చెప్పులేసుకుని వెళ్ళి కొని తెచ్చేదాన్ని. ఇంట్లోంచి బయటికి వెళ్ళడానికి ఒక వేళ ఉంటుందని నాకు తెలియదు. ఆ సాయంత్రం తెలిసింది. అప్పటినుంచి పద్నాలుగేళ్ళు నేను ఆ ఆరు గంటల లోపలే బతికాను.

మా లంకకి రావాలంటే రేపల్లెలో ఆటో ఎక్కి రేవుకి రావాలి. రేవు నుంచి ఇంజను పడవలో ఇరవై నిమిషాలు. కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట, నడుమ, నూట చిల్లర ఇళ్ళు. అరటి, పసుపు, కంద, మొక్కజొన్న. ఐదో తరగతి దాకా బడి, ఓ చిన్న చర్చి, రెండు కిరాణా కొట్లు. సిమెంటు రోడ్డు కూడా ఉంది కానీ అది ఎక్కడికీ వెళ్ళదు. ఈ చివర రేవు దగ్గర మొదలై ఆ చివర ఇసుకలో ఆగిపోతుంది. గ్యాసు బండ దగ్గర్నుంచి పెళ్ళికూతురి దాకా ఏది రావాలన్నా పడవే. నా కుట్టుమిషను కూడా అట్లాగే వచ్చింది, నా ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చుకున్నాను.

ఇంట్లో మేం ముగ్గురం, తరవాత పాప పుట్టాక నలుగురం. మా అత్తయ్య తక్కువ మాట్లాడే మనిషి. మామయ్య మా ఆయన చిన్నప్పుడే పోయారు. ఒక్కతే అరటి చెట్లు నరికి గెలలు మోసి కొడుకుని పెంచింది. నన్ను ఏనాడూ ఒక్క మాట అన్లేదు. కాకపోతే నేను రేవు వైపు ఊరికే చూస్తుంటే మాత్రం కనిపెట్టేది. "చూడంగానే పడవ వచ్చిద్దా అమ్మాయ్, లోపలికి రా" అనేది.

మా ఆస్తి సంగతి చెప్పాలి. మామయ్యకి ప్రభుత్వం ఇచ్చిన ఎకరం పట్టా భూమి లంకకి ఎగువ కొసన ఉండేదట. అమ్మడానికి లేదు, పిల్లలకి మాత్రం దక్కుతుంది. ఆ ఎకరంలోనే ఓ మూల ఇల్లు వేసుకున్నారు. మామయ్య పోయిన కొన్నేళ్ళకి ఏరు అటువైపు కోయడం మొదలుపెట్టింది. ఏరు ఒక్కసారిగా మింగదు. ముందు గట్టుకి పగులు వస్తుంది, తరవాత ఓ చెట్టు వంగుతుంది, ఏ వరదలోనో ఆ చెట్టు ఉండదు. అట్లా ఎకరమూ పోయింది, ఇల్లూ పోయింది. అక్కడ కోసిన మట్టిని దిగువ కొసన మేట వేసింది. ఇల్లు పోయినవాళ్ళందరూ ఆ మేట మీద ఇళ్ళు కట్టుకుని సాగు చేసుకుంటున్నారు. నేను కాపురానికి వచ్చింది ఆ ఇంటికే. దానికి కాగితం లేదు. కాగితం ఉన్నచోట భూమి లేదు, భూమి ఉన్నచోట కాగితం లేదు. ఈ సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. లంకలో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు.

నాన్న పోయింది వానాకాలంలో. పైన బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలారు, పడవలు ఆపేశారు. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారన్నాడు. మర్నాడు సాయంత్రం సమాధి. నేను రెండు చీరలు సంచిలో కుక్కుకుని రేవుకి పరిగెత్తాను. ఏరు ఎర్రగా, పొంగిన పాలలాగా నిండుగా పోతోంది. పడవ నడిపే పెద్దాయన గట్టు మీద పడవని రెండు తాళ్ళతో కట్టేసి కూర్చున్నాడు.

"బాబాయ్, నన్ను ఒక్కదాన్నే దించు. మా నాన్న పోయారు."

ఆయన చాలాసేపు ఏరు వైపే చూశాడు. "తీసుకెళ్ళమంటే తీసుకెళ్తానమ్మా. కాకపోతే మీ నాయన పోయిన చోటికే తీసుకెళ్తా. నీకు చంటిపిల్లుంది, ఇంటికి పో."

ఆ రోజూ పడవ లేదు, మర్నాడూ లేదు. సమాధి వేళకి అత్తయ్య నన్ను బడి డాబా మీదకి తీసుకెళ్ళింది. లంకలో ఫోన్ సరిగ్గా అందేది అక్కడే. వాన పడుతూనే ఉంది. నేను ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను, అత్తయ్య నా మీద గొడుగు పట్టుకుని నిలబడింది. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నట్టున్నాడు, పాస్టరు గారి గొంతు బట్టలోంచి వచ్చినట్టు వినిపించింది. పాట మొదలైంది. అమ్మ ఏడుపు తెలిసింది. తరవాత మట్టి పడుతున్న చప్పుడు, రెండుసార్లు. మూడోసారికి లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. నేను లేచేసరికి అత్తయ్య ఒక పక్కంతా తడిసిపోయి ఉంది. గొడుగు మొత్తం నా మీదే పట్టింది.

ఐదో రోజున నేను తెనాలి చేరేసరికి సమాధి మీద పూలు కుళ్ళిపోయి ఉన్నాయి. ఇక ఆ లంకలో ఉండకూడదని నేను అనుకున్నది అక్కడే.

ఆ తరవాత కొన్నేళ్ళకి, రేపల్లె వైపు గట్టు మీద ఇళ్ళస్థలాలు ఇస్తున్నారని తెలిసి అర్జీ పెట్టాను. మా ఆయన వద్దనలేదు, పెట్టమనీ అన్లేదు. నెల తరవాత ఆఫీసుకి వెళ్ళి అడిగితే, కంప్యూటరు ముందు కూర్చున్నాయన తల అడ్డంగా ఊపాడు.

"మీకు రాదమ్మా. మీ కుటుంబానికి ఇల్లూ, స్థలమూ రెండూ ఉన్నట్టు చూపిస్తోంది."

"ఉన్నాయండి. ఏట్లో ఉన్నాయి."

"ఏట్లో ఉన్నా ఉన్నట్టేగా అమ్మా. పేరు తియ్యందే కొత్తది రాదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి, ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చాడు. సర్వేయరు వచ్చి ఆ భూమి నీళ్ళలో ఉందని రాయాలి. పట్టా ఎవరి పేరున ఉందో వాళ్ళు ఆ భూమి పోయిందని ఒప్పుకుని, హక్కు వదులుకుంటున్నట్టు సంతకం చెయ్యాలి. మామయ్య తరవాత పట్టా అత్తయ్య పేరు మీదకి మారింది. అంటే ఆవిడే చెయ్యాలి.

సర్వేయరు ఎండాకాలంలో వచ్చింది. ఇరవై నాలుగు, పాతికేళ్ళ అమ్మాయి. ఓ చేతిలో ట్యాబు, ఇంకో చేతిలో కొలిచే యంత్రం తగిలించిన కర్ర. పడవలో కాలు పెట్టంగానే నా భుజం గట్టిగా పట్టుకుంది. "మాది పేరాలండి, మగ్గాల ఇళ్ళు. పడవెక్కడం ఇదే మొదలు. మునగదు కదండీ?" అంది. అత్తయ్య ఆమెని తన పక్కన కూర్చోబెట్టుకుని చీర కొంగు చేతికిచ్చింది, పట్టుకోమని.

ఎగువ కొస దాటాక చుట్టూ నీళ్ళే. ట్యాబులో పాత పటం ఉంది కానీ ఎండకి ఆ అమ్మాయికి కనపడటం లేదు. ఈలోపు అత్తయ్య లేచి నిలబడింది. అవతలి గట్టు మీద తాటిచెట్ల గుంపు వైపు చూసింది. తిరిగి ఇవతల నీళ్ళ ట్యాంకు వైపు చూసింది. "ఇంకాస్త పైకి పోనీ" అని పడవాయనకి చెప్పింది. "ఆఁ, ఆపు."

ఇంజను ఆగింది.

"ఇక్కడ మా గుమ్మం," అంది అత్తయ్య. "ఇదిగో, ఇటు పొయ్యి. ఆ పక్కన గేదెని కట్టేసేవాళ్ళం. ఇటు పోతే రెండు వరసలు అరటి, ఆ తరవాత పసుపు."

ఆవిడ వేలు చూపిస్తున్న చోటల్లా నీళ్ళే. నీళ్ళలో తేడా ఏమీ లేదు. సర్వేయరు అమ్మాయి అత్తయ్య కొంగుని తల మీద కప్పుకుని ఆ నీడలో ట్యాబు చూసుకుంది. 

"మామ్మగారూ, మీరు చెప్పిందే కరెక్టండి. సరిగ్గా మీ ఎకరంలోనే ఉన్నాం."

పడవ ప్రవాహానికి మెల్లగా దిగువకి జారుతోంది. అత్తయ్య కూర్చుని, పడవ అంచు మీంచి చెయ్యి కిందికి దించి, వేళ్ళు నీళ్ళలో పెట్టింది. ఆ కొస దాటేదాకా తీయలేదు.

వారంలో సర్వే కాగితం వచ్చింది. ఇక సంతకమే మిగిలింది. నేను మధ్యాహ్నం అన్నాలయ్యాక కాగితం తెచ్చి అత్తయ్య ముందు పెట్టాను.

"బాపట్ల పోయి, ఆఫీసరు ముందర సంతకం పెట్టాలి అత్తయ్యా. సోమవారం వెళ్దాం."

"ఏమని పెట్టాలి?"

"భూమి పోయిందని. ఇక మనకి అక్కర్లేదని."

"ఎట్లా పోయిద్ది? అక్కడే ఉందిగా. నువ్వూ చూశావు."

"నీళ్ళు చూశాను."

ఆవిడ కాగితం మడిచి నాకిచ్చేసింది. "నేను పెట్టను" అంది. ఎందుకని అడిగాను. చెప్పలేదు. నేను ఆ రోజు చాలా మాటలన్నాను. నాన్న సమాధి మట్టి చప్పుడు ఫోన్లో విన్న మనిషిని నేనని అన్నాను. నీకేం, నీకు ఎక్కడికీ వెళ్ళే పనిలేదు అన్నాను. ఒకమ్మాయి తండ్రిని ఆఖరిసారి చూసుకోలేకపోవడం అంటే ఏంటో నీకు తెలుసా అన్నాను. ఆవిడ కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం మా ఆయన చెప్పారు. మామయ్యని పెట్టింది ఆ ఎకరం గట్టు మీదేనట. లంకలో అప్పుడు వేరే సమాధుల చోటు లేదు. కోత దగ్గరికి వస్తుంటే అత్తయ్య బస్తాల్లో ఇసుక నింపి సమాధి చుట్టూ పేర్చిందట. ఒక వానాకాలం ఆగింది. రెండో ఏడు ఆగలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"అమ్మ ఎవ్వరికీ చెప్పదు. నేనూ అడగను."

అప్పుడు నాకు నా నోరు నేనే మూసుకోవాలనిపించింది. వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. ఆవిడ చేట నా వైపు కొంచెం జరిపింది, ఇద్దరం మినుముల్లో రాళ్ళు ఏరాం. అయినా నిజం చెప్పాలి. అంత తెలిసిన తరవాత కూడా నాకు ఆ సంతకం కావాలి. కావాలని అడగలేను, వద్దని ఊరుకోలేను. ఆ ఏడాదంతా ఆ కాగితం బీరువాలో ఉంది, నేను బీరువా తీసినప్పుడల్లా దాన్ని చూసి మళ్ళీ మూసేదాన్ని.

పాప ఆరో తరగతికి వచ్చింది. ఇక బడి రేపల్లె వైపు గట్టు మీదే. పిల్లలంతా పొద్దున ఏడున్నర పడవకి వెళ్ళి, సాయంత్రం ఐదింటి పడవకి వచ్చేవాళ్ళు. సముద్రం దగ్గర కాబట్టి మా దగ్గర ఏటికి పోటూ పాటూ ఉంటాయి. పాటు సమయంలో నీళ్ళు తగ్గి ఇసుక దిబ్బలు పైకి తేలతాయి. పడవ నడిపేవాళ్ళకి ఆ వేళలు కంఠతా వచ్చు. కానీ దిబ్బ ఉన్నచోటే ఉండదు కదా.

మాఘమాసపు చివర ఒక శనివారం, ఒంటిపూట బడి. పిల్లల పడవ మధ్యాహ్నం బయల్దేరింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది. ముందు ఇంజను చెడిందనుకున్నాం. పడవాయన దిగి నెట్టడం కనపడింది. నీళ్ళు ఆయన మోకాళ్ళ దాకా ఉన్నాయి. నెట్టిన కొద్దీ పడవ దిబ్బలోకి దిగబడింది. చుట్టుపక్కల మాత్రం లోతు, బురద. ఇంకో పడవ దగ్గరికి పోలేదు, మనిషి నడిచి పోలేడు. మళ్ళీ పోటు వచ్చేదాకా అంతే. నాలుగు గంటలు.

లంకలో ఆడవాళ్ళందరం రేవులోకి వచ్చేశాం. పిల్లలు కనపడుతూనే ఉన్నారు. మా పాప ఎర్ర రిబ్బన్లు కూడా నాకు కనపడుతున్నాయి. ఎండ మండిపోతోంది. పడవ మీద కప్పు లేదు. పిల్లలు పుస్తకాల సంచులు తల మీద పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఒక పాప వాంతి చేసుకుంటున్నట్టు కనపడింది. ఎవరి పాపో తెలియక అందరం ఒక్కసారే కేకలేశాం. మా కేకలు గాలికి ఇటే తిరిగి వచ్చాయి.

అత్తయ్య చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. నడుము దాకా వెళ్ళింది. నేనూ ఇంకొకావిడా వెళ్ళి పట్టుకుని లాక్కొచ్చాం. "నీళ్ళు తాగారో లేదో, నీళ్ళు తాగారో లేదో" అంటోంది, అదే మాట. అంత ఏరు మధ్యలో తాగడానికి నీళ్ళు లేవు పిల్లలకి. పోటుకి అక్కడి నీళ్ళు ఉప్పు.

నాలుగున్నరకి పోటు ఎక్కింది. పడవ కదిలింది. పాప దిగి నన్ను కాకుండా వాళ్ళ నాయనమ్మని పట్టుకుంది. దాని పెదాలు పగిలిపోయాయి. అత్తయ్య చెంబుతో నీళ్ళు తాగించి, మిగిలిన నీళ్ళు దాని నెత్తిన పోసింది. నా వైపు తిరగకుండానే అంది:

"సోమవారం బాపట్ల పోదాం అమ్మాయ్."

రేపల్లె నుంచి బాపట్లకి బస్సులో వెళ్ళాం. అత్తయ్య చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ఆఫీసులో వరసలో రెండు గంటలు కూర్చున్నాం. లోపల ఆఫీసరమ్మ మా కాగితాలన్నీ చదివి, ఇది మీ ఇష్టంతోనే చేస్తున్నారా అని అత్తయ్యని అడిగింది.

"నా ఇష్టమేనండి," అంది అత్తయ్య. తరవాత, "ఒక మాట అడగొచ్చా అమ్మా? ఏరు మళ్ళీ అక్కడ మేట వేస్తే?"

"అప్పుడది ప్రభుత్వానిదవుతుందండి. మీది కాదు."

"మేం వచ్చి నిలబడొచ్చా? ఊరికే. సాగు చెయ్యంలే."

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "నిలబడటానికి మిమ్మల్ని ఎవరాపుతారు మామ్మగారూ" అంది మెల్లగా.

అత్తయ్య సంతకం పెట్టింది. ఒక్కో అక్షరానికీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ, గీత దాటకుండా పెట్టింది. అసలు పట్టా అక్కడే ఇచ్చెయ్యాలన్నారు. ఇచ్చే ముందు నా చెయ్యి పట్టుకుని "దీని జిరాక్సు ఒకటి తీయించమ్మాయ్" అంది. ఎదురుగా కొట్లో తీయించాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ కాగితాన్ని మడతపడకుండా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

ఏడాదిన్నరకి స్థలం వచ్చింది, మరో ఏడాదికి ఇల్లు లేచింది. వరసకి ఇరవై చొప్పున ఒకేలాంటి ఇళ్ళు. పల్లపు చేనులో మట్టి పోసి కట్టారు కాబట్టి వాన పడితే గుమ్మం ముందర నీళ్ళు నిలుస్తాయి. ఒక గది, వంటగది, బాత్రూము. చాలా ఏళ్ళ దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, తాళం వేసి వదిలెయ్యకూడదు. ఉంటున్నారో లేదో చూడటానికి వస్తారు, లేకపోతే వెనక్కి తీసుకుంటారు.

నేనూ పాపా వచ్చాం. మిషను మళ్ళీ పడవెక్కింది. మొదటి వారంలోనే పొద్దున రైలెక్కి తెనాలి వెళ్ళాను, సాయంత్రం ఏడింటికి తీరిగ్గా తిరిగొచ్చాను. ఎవరూ నన్ను వేళ అడగలేదు. ఆ సంతోషం నిజమే. నెల రోజులుంది.

మా ఆయన రాలేదు. మొక్కజొన్న తీశాక వస్తానన్నారు. అది తీశాక పసుపు వేశారు. పసుపు తొమ్మిది నెలల పంట. కాగితం లేని భూమి, మనిషి కదిలితే పక్కవాడు గట్టు జరుపుతాడు. అందుకని ఆయన అక్కడ, ఈ ఇంటికోసం నేనిక్కడ. అత్తయ్య ఒకసారి వచ్చింది. రెండు రోజులుంది. రెండో రోజు గుమ్మం మీద కూర్చుని, "ఇక్కడ గాలి ఆడదేంటి అమ్మాయ్" అని, సాయంత్రం పడవకి వెళ్ళిపోయింది.

పోయిన నెల ఆవిడకి జ్వరం వచ్చింది. తగ్గలేదు. గట్టు మీద ఆసుపత్రికి రమ్మంటే రానంది. నేను పాపని పక్కింటావిడకి అప్పగించి లంకకి వెళ్ళాను. ఒక రోజు అనుకుని ఐదు రోజులున్నాను. జావ తాగించాను, ఒళ్ళు తుడిచాను. రోజూ పొద్దున్నే అడిగేది, "ఇంకా వెళ్ళలేదా? ఇల్లు పోయిద్దేమో" అని. వెళ్తానంటే మాత్రం నా చెయ్యి వదిలేది కాదు. జ్వరం దిగాక వచ్చాను.

వచ్చేసరికి తలుపుకి నోటీసు అంటించి ఉంది, ఇల్లు ఎందుకు మూసి ఉందో వచ్చి చెప్పమని. మర్నాడు గ్రామ సచివాలయానికి వెళ్ళాను. చిన్న వయసు ఉద్యోగి, మర్యాదగానే అడిగాడు.

"తాళం వేసి ఉందండి, ఐదు రోజుల్నుంచి."

"మా అత్తయ్యకి బాగోలేదండి. వెళ్ళాను."

"ఆవిడెక్కడుంటారు?"

"లంకలో."

"మీ ఆయన?"

"ఆయనా లంకలోనే."

అతను రాసుకుంటూ ఆగి నా వైపు చూశాడు. "మరి మీరెక్కడుంటారండి?"

బయట ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. అతను నా జవాబు కోసం కలం పట్టుకుని కూర్చున్నాడు.

"ఇక్కడేనండి," అన్నాను.

అతను అట్లాగే రాసి కాగితం నా వైపు తిప్పాడు. సంతకం పెట్టి, రేవు వైపు ఆటో ఎక్కాను. అత్తయ్యకి మాత్రలు అందించి మూడింటి పడవకే వెనక్కి రావాలి, పాప బడి నుంచి వచ్చేలోపు తలుపు తీసి ఉండాలి.